కొల్లేటి ఊళ్లలో దోమల కాంట్రాక్టు వీధి లెక్కన రాయాలి

కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల కొల్లేటి ఊళ్లలో పొద్దు వాలితే వాకిట్లో మంచం వేసుకోవడం కష్టం. కాస్త ఉన్నవాళ్లు టౌను నుంచి పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిపించుకుంటారు. ఇంటికింత అని బేరం. వాళ్లొచ్చి గోడలకు మందు కొట్టి, పెరట్లో పొగ పెట్టి వెళ్తారు. నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ మామూలే. మందు కల్తీదని తిట్టుకుంటారు. మందు మంచిదైనా ఇలాగే జరుగుతుంది, ఎందుకంటే తప్పు ఒప్పందంలోనే ఉంది. ప్రహరీ లోపలికి మాత్రమే డబ్బు కట్టినప్పుడు, ప్రహరీ బయట పుట్టే దోమ ఎవరి పనీ కాకుండా పోతుంది.

అసలు ఇక్కడ కుట్టే దోమ ఒక్క రకం కాదు. డెంగీ తెచ్చే ఏడిస్ మంచినీటి గాబుల్లో, కుడితి గోలెంలో, డాబా మీద మూత సరిగా లేని ట్యాంకులో, గట్టు మీద వెల్లకిలా వదిలేసిన దోనెలో, వానకు తడిసే చేపల ట్రేల్లో పుడుతుంది. ఇది మామూలుగా వంద, రెండు వందల మీటర్లు దాటి పోదు. బోదకాలు మోసుకొచ్చే క్యూలెక్స్ మురుగుకాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పెరిగి కిలోమీటరు అవతలి నుంచి కూడా వస్తుంది. దాని దగ్గరి జాతే వరిచేలల్లో పెరిగి మెదడువాపు వ్యాప్తి చేస్తుంది. ఇక నీళ్ల పక్క ఊళ్లకు ప్రత్యేకంగా ఉండేది మాన్సోనియా. గుర్రపుడెక్క, అంతరతామర వేళ్లకు దీని పిల్ల (నీళ్లలో పెరిగే లార్వా) అతుక్కుని, వేళ్లలోని గాలినే పీల్చుకుంటుంది. ఊపిరి కోసం పైకి రాదు కాబట్టి నీటి మీద నూనె పోసినా దానికి ఏమీ కాదు, పైపైన చల్లిన మందూ సరిగా అందదు. మొక్కను వేళ్లతో సహా లాగి, నీళ్లకు దూరంగా గట్టు మీద ఎండబెట్టడమే దారి. లాగినదాన్ని కాలువ అంచునే కుప్పేస్తే మొదటి వానకే మళ్లీ నీళ్లలోకి చేరుతుంది.

చాలామంది కొల్లేరునే తిడతారు. అది న్యాయం కాదు. గాలికి అలలు లేచే, చేపలున్న తెరిపి నీటిలో దోమపిల్ల బతకడం కష్టం. గట్టు శుభ్రంగా ఉంచిన చేపల చెరువూ అంతే. దోమ పుట్టేది అంచుల్లో: జమ్ము, కిక్కిస పెరిగి నిలిచిపోయిన బోదెల్లో, పాడుబెట్టిన చెరువు మూలల్లో, ఇళ్ల వెనక మురుగులో. 1999లో అభయారణ్యమై, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు పొందిన సరస్సు ఇది. అందులో మందు చల్లే పని ఏ కంపెనీకీ అప్పగించకూడదు. దోమపిల్లల్ని తింటుంది కదా అని గంబూసియా చేపను సరస్సులోకి వదలడమూ అంతే తప్పు, అది స్థానిక చేపల గుడ్లనూ పిల్లలనూ తినేస్తుంది. ఊళ్లోని బావిలో వేసుకోవచ్చు గానీ, వరదకు పొంగి సరస్సులో కలిసే గుంటల్లో వద్దు.

అంటే పనిమంతుడైన కాంట్రాక్టరు మొదటి రోజు మందు డబ్బా తెరవకూడదు. తెల్లటి గరిటె పట్టుకుని వీధంతా తిరగాలి. ప్రతి కాలువలో, గాబులో ముంచి చూసి, దోమపిల్లలున్న చోటు కాగితం మీద గుర్తు పెట్టాలి. ఖాళీ చేయగలిగినవి ఖాళీ చేయించాలి. గాబును తుడిచి ఒంపడం చాలదు, అంచుకు అంటిన ఏడిస్ గుడ్లు ఎండినా నెలల తరబడి బతికుంటాయి కాబట్టి పీచుతో రుద్దాలి. ఎండాకాలపు వేడికి గుడ్డు వారం పది రోజుల్లో దోమైపోతుంది గనక ఇది వారానికోసారి జరగాల్సిన పని.

ఖాళీ చేయలేని మురుగుకు, దోమపిల్లను చంపే టెమెఫాస్ 50 శాతం మందు 10 లీటర్ల నీటికి రెండున్నర మిల్లీలీటర్లు చాలు. కాలువ పొడవునా మీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున కొడితే ఆ 10 లీటర్లు 500 మీటర్లకు సరిపోతాయి. లెక్క చూడండి: అర కిలోమీటరు కాలువకు పట్టే మందు అర చెంచా. ఖర్చంతా ప్రతి వారం ఆ కాలువ వెంబడి నడిచే మనిషి కూలీయే. అందుకే ఇంటింటికీ విడిగా కట్టే డబ్బును వీధి మొత్తం కలిపి ఒక మనిషికి నెల జీతంగా ఇవ్వడం మేలంటున్నాం.

చేపల, రొయ్యల చెరువుల పక్క కాలువల్లో టెమెఫాస్ బదులు బీటీఐ వాడాలి. ఇది దోమపిల్ల, దాని దగ్గరి కొన్ని ఈగల పిల్లల కడుపులో మాత్రమే పనిచేసే బ్యాక్టీరియా మందు. ద్రవరూపంలోని 12 శాతం మందైతే 10 లీటర్లకు 50 మిల్లీలీటర్లు. చిక్కటి మురుగులో ఇది త్వరగా అడుక్కి దిగిపోతుంది, అక్కడ రెండు వారాలు ఆగకుండా వారానికే మళ్లీ కొట్టాలి.

సెప్టిక్ ట్యాంకు గొట్టం మూతికి సన్నటి స్టీలు జాలీ బిగించడం, పలకల సందులు సిమెంటుతో మూయడం ఒక్కసారి చేసే పని. దీన్ని కోట్‌లో రాయని కంపెనీని నమ్మనక్కర్లేదు. జాలీ కన్ను ఒకటిన్నర మిల్లీమీటరుకు మించకూడదు.

గోడల మందు విషయంలో మోసం తేలిగ్గా పట్టుకోవచ్చు. ఆల్ఫాసైపర్‌మెత్రిన్ 5 శాతం పొడి 10 లీటర్లకు 250 గ్రాములు, అది 500 చదరపు మీటర్ల గోడకు. రెండు గదుల ఇంట్లో 100 చదరపు మీటర్ల గోడ ఉందనుకుంటే 50 గ్రాముల పొడి, 2 లీటర్ల నీళ్లు. మీ కళ్లముందు తూచి కలపమనండి, ప్యాకెట్ మీద రిజిస్ట్రేషన్ నంబరు చూడండి, 1968 పురుగుమందుల చట్టం కింద లైసెన్సు అడగండి. సంక్రాంతికి సున్నం వేసే ఇళ్లలో డిసెంబరులో ఈ మందు కొట్టించడం వృథా: సున్నం దాన్ని కప్పేస్తుంది, అందులోని క్షారం మందును విరగ్గొడుతుంది. పండగయ్యాక, గోడ బాగా ఆరాక కొట్టించాలి. మట్టిగోడ మందును పీల్చేసుకుంటుంది, అక్కడ పనితనం త్వరగా తగ్గుతుంది. ఈ మందు లాంటి పైరెత్రాయిడ్లు చేపలకు, రొయ్యలకు ప్రాణాంతకం గనక పంపు కడిగిన నీళ్లు చెరువులోకో బోదెలోకో పోకుండా గోతిలో పోయించాలి.

పొగకూ ఒక చోటుంది. వీధిలో డెంగీ కేసు తేలితే, అప్పటికే ఎగురుతున్న దోమను వెంటనే చంపాలి. ఏడిస్ పగలు కుట్టేది గనక ఉదయమో, పొద్దు వాలే ముందో, గాలి లేనప్పుడు కొట్టాలి. కానీ పొగ వల్ల గోడ మీద మిగిలేదేమీ ఉండదు, కాలువలో దోమపిల్లకు అది తగలదు. నెలకోసారి షెడ్యూలులో పొగ రాసి ఉంటే ఆ పద్దు కొట్టేసి, ఆ డబ్బు గుర్రపుడెక్క లాగే కూలీలకు మళ్లించండి.

డబ్బు చెల్లింపు కూడా గరిటెకే ముడిపెట్టండి. మందు కొట్టిన మూడో రోజు గుర్తు పెట్టిన చోట్లలో ఇంటివాళ్లలో ఇద్దరు గరిటెను పదేసిసార్లు ముంచి చూడాలి. ఎదిగిన దోమపిల్లలు కనబడిన కాలువకు డబ్బు ఆపి, మళ్లీ కొట్టించాలి. రెండుసార్లు కొట్టినా చావకపోతే, కలిపిన పాళ్లూ నీటి ప్రవాహమూ సరిచూసుకుని మందు రకమే మార్చమనండి. ఒప్పందం వానలతో ముగియకూడదు. డెంగీ దోమ వానల్లో ఎక్కువైతే, మురుగు దోమ చలి తగ్గే ఫిబ్రవరి, మార్చిల్లో విజృంభిస్తుంది. 2024 సెప్టెంబరులోలా కొల్లేట్లో కలిసే బుడమేరు వాగు పొంగినప్పుడు చల్లిన మందంతా కొట్టుకుపోతుంది కాబట్టి, వరద తీసిన వారంలోపు ఉచితంగా మరో విడత సర్వే, మరో విడత మందు అనే షరతు ముందే రాయించుకోవాలి.