అసలైన నకిలీ

మామూలు జనం వస్తువు ఉంచుకుని పెట్టె పారేస్తారు. నాణేల సెట్లు కొనేవాళ్లది వేరే జాతి. పెట్టె మూల కాస్త నలిగితే చాలు, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేనట్టు మొహం పెడతారు. పై అట్ట, లోపలి అట్ట, మఖమలు గుంటలు, టంకశాల ముద్రతో సర్టిఫికెట్టు, అన్నీ ఉంటే ఒక ధర. ఉత్త నాణేలైతే ఇంకో ధర. ఈ కిటుకు మనకంటే ముందు దొంగలు కనిపెట్టారు. దొంగనాణెం కొట్టాలంటే అచ్చు కావాలి, లోహం కావాలి, బరువు కుదరాలి. అట్టపెట్టెకైతే ఓ మంచి ప్రింటింగ్ ప్రెస్సు చాలు.

మా బావగారు ఈ జాతిలో పెద్దమనిషి. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఐదు నాణేల ప్రూఫ్ సెట్టు, అంటే దాచుకునేవాళ్ల కోసం టంకశాల ప్రత్యేకంగా కొట్టే నాణేల సెట్టు, ఇంటికి వచ్చిన రోజు చేతులు సబ్బుతో కడుక్కుని, తెల్ల గ్లవుజులు తొడుక్కుని, భూతద్దం పట్టుకుని బల్ల ముందు కూర్చున్నారు.

"ఏంటండీ, ఆపరేషనా?" అంది అక్క.

"ముట్టుకోకు. వేలిముద్ర పడితే మళ్లీ పోదు."

అంతవరకూ నిజమే. చిక్కల్లా పెట్టెకున్న సీలుతో వచ్చింది. దాని మీద 'సీలు విప్పితే వాపసు లేదు' అని రాసుంది. విప్పకపోతే లోపలున్నది అసలో నకిలీయో తెలీదు, విప్పితే తెలిసినా లాభం లేదు. బావగారు పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపారు. ఏదో మోగింది. అంతకుమించి సమాచారం రాలేదు.

"అమెరికా టంకశాల 1955లో మొదలుపెట్టి 1964 దాకా ప్రూఫ్ సెట్లను పల్చటి కవర్లలో అంటించి పంపేది. ఇప్పటికీ విప్పని కవరు దొరికితే విప్పినదానికంటే ఎక్కువ చెబుతారు, తెలుసా?" అన్నారు నాతో.

అంటే లోపల ఏముందో తెలియకుండా ఉండటానికే ఆ పైడబ్బులు. మనుషులు దీన్ని నమ్మకం అంటారు కాబోలు.

చివరికి ఓర్పు ఓడిపోయి సీలు చిరిగింది. నాణేలు అద్దాల్లా తళతళలాడాయి. చిన్న తక్కెడ మీద ఒక్కొక్కటీ పెట్టి చూస్తే, ఉండవలసిన బరువుకు పిసరు తేడా లేదు. అయస్కాంతం పెట్టి చూశారు. అదీ సరిగ్గానే ఉంది. "చూశావా!" అని అక్క వైపు తిరిగారు. అక్క అప్పటికే లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆయన స్నేహితుడు వచ్చారు. ఈ విద్యలో బావగారికి గురువు. అదే సెట్టు తనూ కొన్నానని చంకలో పెట్టుకుని మరీ వచ్చారు. పెట్టెలు రెండూ పక్కపక్కన పెట్టారు. సర్టిఫికెట్లు తీశారు. బావగారిది 'ఐదువేల సెట్లలో 317వది'. గురువుగారిదీ 317వదే.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"ప్రింటింగులో పొరపాటయ్యుంటుంది గురువుగారూ," అన్నారు బావగారు, మొహం వెలిగిపోతూ. "పొరపాటు పడ్డవే అపురూపం! 1983లో బ్రిటన్ సెట్లలో కొన్ని రెండు పెన్నీల నాణేల మీద 'టూ పెన్స్' బదులు పాత 'న్యూ పెన్స్' అక్షరాలే పడ్డాయి. ఇప్పుడు వాటికి ఎంత గిరాకీ!"

ఆశ ఎంత చదువుకున్నదో చూడండి.

గురువుగారు జవాబివ్వకుండా భూతద్దం అందుకున్నారు. "ప్రూఫ్ అంటే మెరుపు కాదండీ, తయారీ. మెరుగుపెట్టిన అచ్చులతో, మెరుగుపెట్టిన బిళ్ల మీద, ఒకటికి రెండుసార్లు కొడతారు. అంచులు కోసినట్టుంటాయి. ఇక్కడ చూడండి."

చూశాను. సన్నటి గీతలు నాణెం మీద నుంచి అక్షరాల మీదికి ఎక్కి అవతలికి దిగిపోతున్నాయి. అక్షరాల అంచులు అరిగి గుండ్రంగా ఉన్నాయి. అవి మామూలుగా చెలామణీలో తిరిగే నాణేలే. ఎవరో ఓపికగా పాలిష్ పట్టారు. అందుకే బరువు కుదిరింది, అయస్కాంతం ఒప్పుకుంది. నాణేలు నిఖార్సైనవి. డబ్బు తీసుకున్నది పెట్టెకు, ఆ పెట్టె దొంగది.

"ఇకమీదట స్లాబులే కొంటాను," అన్నారు బావగారు. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో నాణాన్ని బిగించి, డెబ్బై దాకా మార్కులేసి, నంబరిచ్చే పద్ధతి. అమెరికాలో పీసీజీఎస్ అనే కంపెనీ 1986లో, ఎన్‌జీసీ అనేది 1987లో ఈ పనికి దిగాయి.

"ఆ డబ్బాలకూ నకిలీలొచ్చాయి. 2008లో ఆ కంపెనీలే హెచ్చరించాయి," అన్నారు గురువుగారు. "దొంగడబ్బా మీద వేరే అసలు నాణెం నంబరు వేస్తారు. మీరు కంపెనీ వెబ్‌సైట్‌లోకి వెళ్లి ఆ నంబరు వెతికితే 'ఉంది' అనే వస్తుంది. అక్కడ ఫొటో ఉంటే గీత గీతా పోల్చుకోవాలి."

గుమ్మంలో నిలబడి వింటున్న అక్క అంది: "నంబరు నిజం, డబ్బా అబద్ధం, లోపల ఇంకెవరో. బాగుందన్నయ్యగారూ మీ వ్యాపారం."

అమ్మినవాడికి మెసేజీ పెట్టారు. జవాబు క్షణంలో వచ్చింది: 'సీలు విప్పారు కదండీ.' ఆ వేగం చూస్తే ముందే రాసి పెట్టుకున్నట్టుంది.

"రెండూ కలిపి ఫొటో తీసి పంపండి, ఒకే నంబరు రెండింటికి ఎలా వచ్చిందో చెప్పమనండి," అంది అక్క. తెలివైన సలహాయే. ఫొటోలో ఎవరి పెట్టె ముందుండాలన్న దగ్గర పేచీ వచ్చింది.

"ముందు కొన్నది నేను," అన్నారు బావగారు. "317 నాదే. మీది దాన్ని చూసి కొట్టింది."

"అదెలాగండీ? మీ పెట్టె మూల అతుకు చూడండి, జిగురు బయటికొచ్చింది. నాది ఎంత నీటుగా ఉందో! అసలైన నకిలీ నాది."

"ఏదీ, ఆ భూతద్దం ఇలా ఇవ్వండి," అంటూ బావగారు మళ్లీ గ్లవుజులు తొడుక్కున్నారు.