కార్తీకంలో కక్కుర్తి

మా ఇంట్లో కార్తీకమాసం వచ్చిందని నాకు తెలిసేది గుడిగంటల వల్ల కాదు, ఫ్రిజ్ వల్ల. దీపావళి మర్నాడు బొబ్బిలి నుంచి అత్తయ్యగారు దిగుతారు. కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు కూడా తాగకుండా నేరుగా వెళ్లి ఫ్రీజర్ తలుపు తీస్తారు. "ఏటి బాబూ ఇది?" అంటారు, ఓ కవరును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకుండా బేరమాడి తెచ్చుకున్న వంజరం ముక్కలవి. ఐదు నిమిషాల్లో అవి వాచ్‌మన్ ఇంటికి చేరతాయి. ఆ తర్వాత ఫ్రిజ్ అంతా పసుపునీళ్లతో తుడుస్తారు. ఇక నెల్లాళ్లూ ఆనపకాయ, బీరకాయ, కంద. మళ్లీ ఆనపకాయ.

తినకూడదని నాకూ తెలుసు. చిన్నప్పటి నుంచీ పాటిస్తున్నవాణ్ణే. నా బాధల్లా పేపరుతోనే. కార్తీకం రాగానే చికెన్ రేటు పడిపోయిందని ఏటా వేస్తారు, అదీ మొదటి పేజీలో, ఫొటోతో సహా. తినొచ్చిన రోజుల్లో ఆ రేటు ఉండదు, ఆ రేటు ఉన్న రోజుల్లో తినకూడదు. అయినా పదిహేడు రోజులు గుండె రాయి చేసుకున్నాను.

పద్దెనిమిదో రోజు మంగళవారం. సోమవారం కాదని మనవి, అంతటి పాపిని కాను. నవంబరు కదా, నేను బతికే ఉన్నానని బ్యాంకులో రుజువు చేసుకోవడానికి సిరిపురం వెళ్లాను. పెన్షనర్లకు ఏటా తప్పని తద్దినం. యంత్రం మీద బొటనవేలు పెడితే అది ఒప్పుకోలేదు, చూపుడువేలు పెడితే ఒప్పుకోలేదు, చివరికి ఎడమచేతి ఉంగరపు వేలుకి కరుణించింది. బయటికొచ్చేసరికి ఒంటిగంటన్నర. బతికి ఉన్నట్టు కాగితం చేతిలో ఉంది, కడుపు మాత్రం ఒప్పుకోవడం లేదు.

బీచ్ రోడ్డు వైపు దిగే సందులో కనబడింది ఆ కొట్టు. పైన పెద్ద తెలుగు అక్షరాలతో "వేగన్ బర్గర్స్" అని బోర్డు.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. నేను పోర్టులో ముప్ఫైమూడేళ్లు వ్యాగన్ల లెక్క చూశాను. కిరండూల్ గనుల నుంచి కేకే రైలు లైన్ మీద ఇనుప ఖనిజం వస్తే ఎన్ని వ్యాగన్లు లోపలికొచ్చాయి, ఎన్ని ఖాళీ అయ్యాయి, ఎన్ని వెనక్కి వెళ్లాయి, ఇదే నా జీవితం. మా కళాసీలు ఎవ్వరూ వ్యాగన్ అనరు, వేగన్ అనే అంటారు. కాబట్టి ఆ బోర్డు చూడగానే నాకు ఇంకో అనుమానమే రాలేదు. ఎవడో రైల్వే వాడి కొడుకు పెట్టినట్టున్నాడు అనుకున్నాను. లోపల బల్లలు కూడా రైలు సీట్లలా ఎదురుబొదురుగా ఉన్నాయి. ఇంకేం కావాలి?

కౌంటరు వెనక కుర్రాడు "చెప్పండంకుల్" అన్నాడు. గోడ మీద మెనూ చూశాను. చికెన్ అని ఇంగ్లీషులో రాసి మధ్యలో ఓ అక్షరం మింగేశారు, దాని బదులు పైన ఓ కామా వేలాడుతోంది. మన బోర్డు రాతల స్పెల్లింగ్ సంగతి తెలిసిందే కదా, పట్టించుకోలేదు. పక్కన ధర 240 రూపాయలు. అది మాత్రం పట్టించుకున్నాను.

"రష్ బాగానే ఉందే" అన్నాను, ఎవరైనా తెలిసినవాళ్లున్నారేమోనని చుట్టూ చూస్తూ.

"కార్తీకం కదంకుల్. ఈ నెలంతా ఇంతే."

లోకం ఇంత చెడిపోయిందా అనిపించింది. వెంటనే ఒక్కణ్ణే చెడిపోలేదన్న ధైర్యం కూడా వచ్చింది. చీజ్ వేయమంటారా అన్నాడు. వేయమన్నాను. "పలాస జీడిపప్పుతో మేమే చేస్తామంకుల్" అన్నాడు. ఓహో, ధర అందుకే కాబోలు అనుకున్నాను. తాగడానికి చల్లగా మజ్జిగ ఉందా అని అడిగితే, ఏదో అనకూడని మాట అన్నట్టు చూసి, "పాలు, పెరుగు ఇక్కడ రానివ్వమంకుల్" అన్నాడు. కోడికి మజ్జిగతో పొత్తు కుదరదని ఏదో పట్టింపు అనుకున్నాను. ఒక మనిషికి ఇన్ని సూచనలు ఇచ్చినా తెలుసుకోలేదంటే ఆకలి ఎంతటిదో మీరే ఆలోచించండి.

గోడ వైపు తిరిగి, మూల సీట్లో కూర్చున్నాను. బర్గర్ వచ్చింది. బన్ను పైన నువ్వులు, లోపల ఎర్రటి మసాలాలో మగ్గిన ముక్కలు. ఒకటి లాగి చూశాను. పోగులు పోగులుగా ఊడి వచ్చింది, నాటుకోడి తొడ ముక్క బాగా ఉడికితే ఎలా వస్తుందో సరిగ్గా అలాగే. నోట్లో పెట్టుకున్నాను. మిరియం ఘాటు, కాస్త పొగ వాసన. పదిహేడు రోజుల ఆనపకాయలూ కళ్లముందు కదిలి మాయమైపోయాయి. పరమేశ్వరా, ఈ ఒక్కసారికి అటు తిరుగు అని మనసులో దండం పెట్టుకుని రెండో ముక్క కొరికాను. ఎర్రటి రసం చొక్కా మీద బొట్టు బొట్టుగా కారింది. తుడుచుకునే తీరిక కూడా లేదు.

"ఏమండోయ్, మీరూ ఇక్కడికేనా!"

ఆ గొంతు నాకు బాగా తెలుసు. మా అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు పంతులుగారు. రిటైర్డ్ హెడ్‌మాస్టరు. రోజూ సాయంత్రం టెర్రస్ మీద, కుండీలోని ఉసిరి మొక్క పక్కన కూర్చుని కార్తీక పురాణం రోజుకో అధ్యాయం చొప్పున చదివేది ఆయనే. ముప్ఫై అధ్యాయాలు, ముప్ఫై రోజులు, ఒక్కరోజు తప్పరు. ఆయన చేతిలో ప్లేటు. ప్లేటులో గోధుమరంగు కబాబు, అదీ సగం కొరికింది.

నా నోట్లో ముద్ద అలాగే ఆగిపోయింది. పంతులుగారు తాపీగా నా ఎదురుగా కూర్చున్నారు.

"మీరు... ఇక్కడికి... ఎప్పటి నుంచి?" అన్నాను.

"ఆరు నెలలైంది. మొదట్లో నాకూ కొత్తగానే ఉండేది. అలవాటు పడ్డాక వదల్లేకపోతున్నాననుకోండి."

"ఇంట్లో తెలుసా?"

"అదేమిటండీ, మా ఆవిడకి పార్శిల్ కూడా పట్టుకెళ్తాను."

నా కాళ్ల కింద సిరిపురం కదిలింది. ఆ ఇల్లాలు గుమ్మంలో 365 వత్తులు వెలిగించి ఇంకా మూడు రోజులు కాలేదు.

"పంతులుగారూ, మీ సంగతి నేను ఎవరికీ చెప్పను. నా సంగతి మీరూ చెప్పకండి" అన్నాను గొంతు తగ్గించి.

ఆయన వింతగా చూశారు. "ఎందుకు చెప్పకూడదండీ? నలుగురికీ చెప్పాలి" అన్నారు. ఆ తెగింపు చూసి నాకు చెమట పట్టింది. పైగా లేచి వెళ్తూ నా ప్లేటు వైపు చూసి, "అది నిదానంగా నమలండి, పీచు ఎక్కువ" అని హెచ్చరించారు.

ఇంటికెళ్లేసరికి నాలుగైంది. మా ఆవిడ తలుపు తీసి, ముందు మొహం చూడలేదు, చొక్కా చూసింది.

"ఏంటది?"

"బ్యాంకులో జిగురు."

"బ్యాంకు జిగురు ఎర్రగా ఉంటుందా?"

పోర్టులో వ్యాగన్ టిప్లర్ అని ఒక యంత్రం ఉంటుంది. ఖనిజంతో నిండిన వ్యాగన్‌ని పట్టాల మీదే బిగించి పట్టుకుని గిర్రున తలకిందులు చేస్తుంది. లోపలున్నదంతా, అడుగున అంటుకున్న మట్టితో సహా, కిందికి జారిపోతుంది. దాన్ని చూడటానికి జనం పోర్టు దాకా రానక్కర్లేదు. ఆవిడ రెండో ప్రశ్నకి బర్గర్ సంగతి జారిపోయింది. మూడో ప్రశ్నకి, శిక్ష కాస్త తగ్గుతుందన్న ఆశతో, "నేనొక్కణ్ణే కాదు, పంతులుగారు కూడా..." అనేశాను. అని నాలుక కరుచుకుని, "ఎవరికీ చెప్పకు" అన్నాను. మా అపార్ట్‌మెంట్లో లిఫ్టు ఆగుతుంది గానీ ఆ మాట ఏ అంతస్తులోనూ ఆగదు.

ఆ సాయంత్రం పురాణానికి అత్తయ్యగారు వెళ్లలేదు. తలనొప్పి అన్నారు. మర్నాడు రెండో అంతస్తు వాళ్లకీ తలనొప్పి వచ్చింది. మూడో రోజుకి మొత్తం అపార్ట్‌మెంటుకి తలనొప్పి. పంతులుగారు ఇరవయ్యో అధ్యాయం వాచ్‌మన్‌కి చదివి వినిపించారు. అతనూ సగంలో నీళ్ల మోటారు కట్టాలని లేచిపోయాడట. మా ఇంట్లో నా కంచం వేరు, గ్లాసు వేరు. మాల వేసుకున్నవాళ్లకి చేసినట్టే అన్నీ విడిగా, కాకపోతే కారణం తిరగబడింది.

నాలుగో రోజు పొద్దున్నే పంతులుగారే మా గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మా, నేను చదవడంలో ఏమన్నా అపచారం జరిగిందా?" అని అడిగారు అత్తయ్యగారిని.

ఆవిడ మొహమాటపడలేదు. "సదవడంలో కాదు బాబూ, తినడంలో" అన్నారు. "కార్తీకంలో కబాబులేటి?"

పంతులుగారు ఒక్క క్షణం ఆగి, విరగబడి నవ్వారు. "కబాబేనమ్మా. కందది! ఉల్లిపాయ కూడా వెయ్యొద్దని చెప్పి చేయించుకున్నాను. నాకు పాలు పడవని డాక్టరు కాఫీ మాన్పించాడు. కాఫీ లేకుండా పురాణం నోరు తిరుగుతుందా? ఆ కొట్లో ఓట్స్ పాలతో ఇస్తారని మా మనవడు చూపించాడు."

అప్పుడు బయటికొచ్చింది మా అమ్మాయి, చేతిలో నా చొక్కా జేబులోని బిల్లుతో. "నాన్నా, ఇది వేగన్ కాదు, వీగన్" అంది. వెజిటేరియన్ అన్న ఇంగ్లీషు మాటలో మొదటి మూడక్షరాలూ చివరి రెండక్షరాలూ కలిపి 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ అనే ఆయనా, ఆయన తోటివాళ్లూ పెట్టిన పేరట అది. మాంసం, చేపలు, గుడ్లే కాదు, జంతువు నుంచి వచ్చింది ఏదీ ముట్టరు. పాలు లేవు, నెయ్యి లేదు, చివరికి తేనె కూడా లేదు. బోర్డు మూలన ఆకుతో ఉన్న ఆకుపచ్చ గుర్తు అదేనట, 2022 నుంచి దానికి ప్రభుత్వం రూల్సు కూడా ఉన్నాయట. నేను చూశాను దాన్ని. తమలపాకు అనుకున్నాను.

"మయనీసు కూడా గుడ్డుతో కాదు నాన్నా, శనగలు ఉడికించిన నీళ్లని గిలక్కొట్టి చేస్తారు."

"ఆ నీళ్లు నేను సారులో పోస్తానమ్మా" అన్నారు అత్తయ్యగారు.

పంతులుగారు వేళ్ల మీద లెక్కపెడుతున్నారు. "పంచామృతంలో పాలు, పెరుగు, నెయ్యి, తేనె, నాలుగూ పోయాయి. పాపం, వాళ్లకి మిగిలేది పంచదారేనండీ."

"అయితే నేను తిన్నది?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"పనసకాయ" అంది అమ్మాయి.

పనసకాయ! పెళ్లి భోజనాల్లో ఆవ పెట్టిన పనసపొట్టు కూర వడ్డిస్తే మూడుసార్లు మారు అడిగే మనిషిని నేను. దాన్ని గుర్తుపట్టలేక 240 రూపాయలిచ్చి, శివుణ్ణి అటు తిరగమని, మూడు రోజులు వేరే కంచంలో తిన్నాను. ఏదైతేనేం, నిర్దోషినని తేలిపోయింది. ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

అత్తయ్యగారు కదల్లేదు. "కార్తీకంలో పనసకాయ ఎక్కడిదే పిల్లా?" అన్నారు. "సింహాచలం కొండ మీద కూడా సంక్రాంతి దాటితే గానీ లేతకాయ కనబడదు. ఎవరికి చెప్తారు?"

గది నిశ్శబ్దమైపోయింది. పంతులుగారు కూడా నా వైపు అనుమానంగా చూశారు, కంద తిన్న మనిషి ధీమాతో.

నేను ఆటో ఎక్కి సిరిపురం వెళ్లాను. రానూపోనూ 160 రూపాయలు. కౌంటరు కుర్రాడు "అదే బర్గరా అంకుల్?" అన్నాడు. కాదు బాబూ, ఖాళీ డబ్బా అన్నాను. ఉప్పునీళ్లలో నిలవ ఉంచిన లేత పనసముక్కల డబ్బాలు వాళ్ల వంటింటి వెనక అట్టపెట్టెలో పడున్నాయి. ఒకటి కడిగి కవర్లో పెట్టి ఇచ్చాడు. ఎందుకు అని అడగలేదు. నా మొహంలో ఏదో చూసి ఉంటాడు.

అత్తయ్యగారు కళ్లద్దాలు తుడుచుకుని డబ్బాను చేతిలోకి తీసుకున్నారు. ముందు పనస బొమ్మ చూశారు. తర్వాత ఆకుపచ్చ చుక్క చూశారు. అమ్మాయి చేత అడుగున తారీఖులు చదివించుకున్నారు. చివర్న మూత దగ్గర ముక్కు పెట్టి వాసన కూడా చూశారు. అపార్ట్‌మెంట్లో సగం మంది మా హాల్లోనే ఉన్నారు, ఎవ్వరూ మాట్లాడటం లేదు.

"పనసే" అన్నారు ఆవిడ.

పంతులుగారికి పాదనమస్కారం చేసి, సాయంత్రం పురాణానికి ముందు వరుసలో చాప వేయమన్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మా ఆవిడ నా పాత కంచం తీసి బల్ల మీద పెట్టబోయింది.

అత్తయ్యగారు డబ్బాను నా చేతిలో పెడుతూ నెమ్మదిగా అడిగారు.

"అదంతా సరేగానీ బాబూ, తమరు ఏటనుకుని తిన్నారు?"

మా ఆవిడ చేతిలో కంచం మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.