‘42’ అంటే 1942 కాదు: మౌజర్ మెసేజీకి ఖండన

మౌజర్ వంటి పాత జర్మన్ సైనిక రైఫిళ్ల మీద ఆసక్తి ఉన్నవాళ్ల మధ్య ఒక మెసేజీ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: “98 అని ఉంటే 1898 నాటిది. 42 అని ఉంటే 1942 నాటిది. నంబర్లన్నీ కలిస్తే ఫ్యాక్టరీ నుంచి వచ్చినది వచ్చినట్టే ఉంది. లామినేట్ చెక్క ఉంటే నకిలీ. ముద్రలు మసకబారితే ఎమరీ కాగితంతో రుద్దండి. 8 మిల్లీమీటర్ల తూటా ఏదైనా పడుతుంది. పాతది కనక లైసెన్సు అక్కర్లేదు.” ఇందులో నిలిచే ముక్క ఒక్కటీ లేదు.

98 అనేది మోడల్ పేరు. గెవెయర్ 98 అనే పొడవాటి రైఫిల్‌ను జర్మన్ సైన్యం 1898 ఏప్రిల్‌లో ఆమోదించింది. తర్వాత రెండు దశాబ్దాల పాటు అదే పేరుతో లక్షలకు లక్షలు తయారయ్యాయి. తయారైన సంవత్సరం రిసీవర్ (తూటా ఎక్కించే ఉక్కు చట్రం) పైభాగాన, బారెల్ (గొట్టం) బిగిసేచోట ఉంటుంది: మీద కిరీటం, దాని కింద ఫ్యాక్టరీ పేరు (స్పాండౌ, డాంజిగ్, ఎర్ఫుర్ట్, ఆంబెర్గ్ వగైరా), ఆ కింద సంవత్సరం. కొన్నిటి మీద 1917తో పాటు 1920 కూడా కనిపిస్తుంది. ఆ రెండోది తయారీ సంవత్సరం కాదు, మొదటి యుద్ధం తర్వాత ప్రభుత్వ ఆస్తిగా గుర్తించి వేసిన ముద్ర. కొలత కూడా సాయపడుతుంది. గెవెయర్ 98 పొడవు 1250 మిల్లీమీటర్లు, బారెల్ 740. 1935లో సైన్యం ఆమోదించిన కారాబినర్ (పొట్టి రైఫిల్) 98కె పొడవు 1110, బారెల్ 600. ‘కె’ అంటే కుర్జ్, పొట్టి. మధ్యలో వచ్చిన 98బి మాత్రం పేరుకే కారాబినర్, పొడవు గెవెయర్‌దే. పేరు చూసి కొనేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఇక 42. ఇది ఓబెర్న్‌డోర్ఫ్‌లోని మౌజర్ ఫ్యాక్టరీకి ఇచ్చిన రహస్య సంఖ్య. ఏ ఫ్యాక్టరీ ఎంత తయారుచేస్తోందో శత్రువుకు తెలియకుండా పేర్లు తీసేసి కోడ్‌లు పెట్టారు. అదే ఫ్యాక్టరీ మొదట ‘ఎస్/42’, తర్వాత ఉత్త ‘42’, 1941 నుంచి ‘బివైఎఫ్’, చివరి రోజుల్లో ‘ఎస్‌విడబ్ల్యూ’ కొట్టింది. జూల్ పట్టణపు సావర్ కంపెనీది 147, తర్వాత ‘సిఇ’. ఆస్ట్రియాలోని స్టైర్ ఫ్యాక్టరీది 660, తర్వాత ‘బిఎన్‌జెడ్’. తయారైన సంవత్సరం కోడ్ పక్కనో కిందో విడిగా ఉంటుంది. ‘ఎస్/42’ కింద 1938 అని ఉంటే అది 1938 రైఫిలే. సంవత్సరానికి బదులు ‘కె’ అక్షరం ఉంటే 1934, ‘జి’ ఉంటే 1935. ‘బివైఎఫ్’ కింద 43 అని రెండంకెలే ఉంటే అప్పుడది 1943. ఆ రైఫిల్ మీద డేగ ముద్ర పక్కన తనిఖీ సంఖ్య 135 కనిపించాలి, అది ఆ ఏళ్లలో ఓబెర్న్‌డోర్ఫ్ తనిఖీదారుది. స్టైర్‌లో అయితే 623. రిసీవర్ మీద కోడ్ ఒకరిది, తనిఖీ ముద్ర ఇంకొకరిది అయితే ఆ భాగం ఎక్కడినుంచి వచ్చిందో ఆరా తీయాలి.

నంబర్లు కలవడం గురించిన మాటే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. 98కె రైఫిల్లో రిసీవర్ ఎడమ పక్కన పూర్తి నంబరు, దాని కింద చిన్న అక్షరం ఉంటాయి. ప్రతి ఫ్యాక్టరీ ఏటా 1 నుంచి మొదలుపెట్టి 9999 దాటాక ‘ఎ’, ఆపైన ‘బి’ అంటూ సాగేది. కాబట్టి ఒకే నంబరున్న రైఫిళ్లు ఎన్నో ఉంటాయి. అక్షరం రాసుకోని రికార్డు ఎందుకూ కొరగాదు. బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) పిడి మొదలు దగ్గర పూర్తి నంబరు, చిన్న భాగాల మీద చివరి రెండంకెలు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో చాలా చిన్న భాగాలకు నంబరు వేయడమే మానేశారు, ఖాళీగా ఉందని అనుమానపడకండి.

మరి నంబర్లు కలిసిన రైఫిళ్ల సంగతి? సోవియట్ సైన్యం పట్టుకున్న 98కెలను విప్పి, భాగాలు కలగలిపి, మళ్లీ బిగించి గోదాముల్లో పెట్టింది. అప్పుడు బోల్ట్ పాత నంబరు కొట్టేసి రిసీవర్ నంబరు వేశారు. భూతద్దంలో చూస్తే తేడా దాగదు. ఫ్యాక్టరీ అంకె అచ్చుతో కొట్టింది, గాడి అంచు నిటారుగా, అడుగు సమంగా ఉంటుంది. సోవియట్ అంకె చాలాసార్లు విద్యుత్ పెన్నుతో గీసింది, చిన్న చిన్న చుక్కలు వణుకుతూ సాగినట్టుంటుంది. ఇంకో గుర్తు, వీటిలో బోల్ట్ నల్లగా ఉంటుంది. జర్మన్లు బోల్ట్‌ను ఎక్కువగా తెల్లని ఉక్కుగానే వదిలేవారు. రిసీవర్ మీద ‘ఎక్స్’ ఆకారపు గీత, చెక్క మీద ఎర్రగా మెరిసే లక్క కూడా ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. ఇది నకిలీ కాదు, అసలు జర్మన్ రైఫిలే. మార్పు లేని రైఫిల్ ధర మాత్రం దీనికి పెట్టకూడదు. యుగోస్లావియా మరమ్మతు చేసినవాటిలో పాత ముద్రలు చెరిపి, తమ చిహ్నమూ ‘98/48’ అనే గుర్తూ వేశారు. వాళ్లే తయారుచేసుకున్న ఎం48 రైఫిల్ అయితే అసలు జర్మన్‌దే కాదు. దాని బోల్ట్ కాస్త పొట్టి, 98కె బోల్ట్ అందులో పట్టదు.

లామినేట్ చెక్క నకిలీ కాదు. పొరలు అతికించిన చెక్కను జర్మన్లే యుద్ధానికి ముందు నుంచి వాడారు.

ఎమరీ కాగితం మాట ఎవరు మొదలుపెట్టారో గానీ, ముద్ర అంచు ఒకసారి అరిగిందంటే తిరిగి రాదు. గదిలో దీపాలార్పి టార్చిని పక్క నుంచి, లోహానికి దాదాపు ఆనించి వెయ్యండి. గాడిలో సుద్దపొడి రాసి పైపైన తుడవండి. తుప్పుంటే పల్చటి నూనె ఒక రోజు నాననిచ్చి, మెత్తటి గుడ్డతోనో ఇత్తడి బ్రష్‌తోనో తీయండి.

‘8 మిల్లీమీటర్లు ఏదైనా’ అనేది ప్రాణం మీదికి తెచ్చే సలహా. 1888లో సైనిక సంఘం (కమిషన్) రూపొందించిన కమిషన్ రైఫిల్‌ను అందరూ మౌజర్ అంటారు గానీ అది మౌజర్ డిజైన్ కాదు. దాని గుండు సుమారు 8.08 మిల్లీమీటర్లు. తర్వాత వచ్చిన ఎస్ తూటా గుండు 8.2. పెద్దది చిన్న బారెల్లో దూరితే ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. రిసీవర్ మీద ‘ఎస్’ (ఎస్ తూటాకు మార్చారనే గుర్తు) ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. ఖాళీ రైఫిల్ బోల్ట్ తీసేసి, నూనె రాసిన మెత్తటి సీసపు గుండును కర్ర కడ్డీతో బారెల్ గుండా తట్టి, బయటికొచ్చినదాన్ని మైక్రోమీటరుతో కొలవాలి.

చివరిది లైసెన్సు. మన 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ పాతవాటికి మినహాయింపు ఇస్తుంది గానీ, అవి మరమ్మతు చేసినా చేయకపోయినా పేలే స్థితిలో ఉండకూడదు. అటక మీద దొరికిన, పేలగల మౌజర్‌కు అది వర్తించదు. అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన తుపాకీ పురాతన ఆయుధం. 1890 ముద్ర ఉన్న కమిషన్ రైఫిల్ అందులోకి వస్తుంది, 1916 ముద్ర ఉన్న గెవెయర్ 98 రాదు. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్న మనవాళ్లకు వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే తుపాకీ ఉంచుకోవడమే నిషేధం. రిసీవర్ మీది ఆ సంవత్సరం చదవకుండా బేరం మొదలుపెట్టవద్దు.