మహారాజశ్రీ తైయాకి తోక గారికి

టోక్యో నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ ఫిబ్రవరి గాలి బాగానే కోస్తోంది, నా ఆరోగ్యమూ బాగానే ఉంది. తమ దయవల్ల ఒక ఆదివారం మధ్యాహ్నం మాత్రం గంగలో కలిసింది.

విషయం తమకు తెలియనిది కాదు. తైయాకి, అంటే చేప అచ్చులో పిండి పోసి లోపల తీపి ముద్ద కూరి కాల్చే తినుబండారం, అమ్మే దుకాణం గాజు తలుపు మీద చేత్తో రాసిన బోర్డు: "తోక చివరిదాకా అంకో". అంకో అంటే అజుకి అనే చిన్న ఎర్ర గింజల్ని ఉడికించి పంచదార కలిపిన ముద్ద. ఆ బోర్డు ఒక్కటి నమ్మి క్యూలో నిలబడ్డాను. ముందు స్కూలు పిల్లల గుంపు, ఆ వెనకాల ఇంటిల్లిపాదికీ చేపలు కట్టించుకుంటున్న ముసలావిడ. లోపల ఇనుప అచ్చులు టకటకమని తిరగబడుతున్నాయి. ఉడికిన అజుకి వాసన బయటికొచ్చి, వెళ్లిపోదామనుకున్న ప్రతిసారీ నన్ను ఆపింది. చేప చేతికొచ్చింది. తల కొరికాను, ఉంది. పొట్ట కొరికాను, పొంగుకొచ్చింది, నాలుక కాలింది, సంతోషించాను. ఆఖరికి తమ దగ్గరికొచ్చాను.

పిండి. వట్టి పిండి.

నమ్మలేక చీల్చి చూశాను. అంకో నడుము దగ్గరే ఆగిపోయింది. ఒక్క అజుకి తొక్కైనా దారి తప్పి తమవైపు వచ్చిన జాడ లేదు. వెనక్కి వెళ్లి చూపిస్తే కౌంటర్లో కుర్రాడు నడుం వంచి క్షమించమన్నాడు, మళ్లీ వంచి మళ్లీ క్షమించమన్నాడు, చేతులు తుడుచుకోమని కాగితం రుమాలు ఇచ్చాడు. ఈ దేశంలో గొడవ పెట్టుకోవడం ఎంత కష్టమో చూశారా? తిట్టేవాడికి తిట్టించుకునేవాడు కాస్తయినా సహకరించాలి కదండీ.

తమరిది చిన్న వంశమేం కాదు. 1909లో టోక్యోలో పెట్టిన ఒక దుకాణం తమను అచ్చులో పోసిందంటారు. శుభకార్యాల్లో వడ్డించే తై చేప మామూలు జనానికి అందని ధర. సరే, పిండితోనైనా తినండని అజుకి ముద్ద కూరి చేప చేసిచ్చారు. ఎంత మంచి మనసు! అంతకుముందు నుంచీ ఇమగావాయాకి ఉండనే ఉంది. లోపల అదే అంకో, బయట అదే పిండి, గుండ్రటి బిళ్ల. దానికి తోక లేదు, కాబట్టి తోక దగ్గర మోసమూ లేదు. తోక పెట్టిన రోజే ఈ పేచీ పుట్టింది.

పేచీ నేను కొత్తగా తెచ్చింది కూడా కాదు. టోక్యోలోనే యొత్సుయాలో 1953లో పెట్టిన ఒక దుకాణం తోకదాకా అంకో కూరితే, నాటక విమర్శకుడు ఆందో త్సురువో దాన్ని మెచ్చుకుంటూ పత్రికలో రాశాడు. నాటకాల సంగతి పక్కనపెట్టి ఒక పెద్దమనిషి చేప తోక గురించి రాశాడంటే, అప్పటికే జనం ఎన్ని ఖాళీ తోకలు నమిలి ఉంటారో ఊహించుకోవచ్చు.

తమ తరఫు వకీళ్ల వాదనా విన్నాను. తోక పట్టుకోవడానికట. తీపి తిన్నాక నోరు శుభ్రం చేసుకోవడానికట. పట్టుకోవడానికి కాగితం సంచి ఇచ్చారు కదా! నోటికి టీ ఉంది కదా! పోనీ, అదే నిజమైతే బోర్డు మీద అలాగే రాయండి: "తోకలో ఏమీ లేదు, పట్టుకోవడానికి మాత్రమే". ఆ క్యూలోనూ నిలబడేవాణ్ణి. మా పెళ్లిళ్లలో బొబ్బట్టు అంచుదాకా పూర్ణం రాకపోతే వియ్యపురాలు దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి నలుగురికీ చూపిస్తుంది. ఆ మాట పిల్ల పురిటికొచ్చేదాకా నడుస్తుంది. అలాంటి ఇళ్లలో పుట్టి పెరిగినవాణ్ణండీ నేను.

మిగతా అజుకి బంధువర్గం మీదా నాకు ఫిర్యాదులున్నాయి, కానీ అవన్నీ ఓర్చుకున్నాను. అజుకి ఐసుపుల్ల కొరికితే పన్ను ముందు విరుగుతుందో ఐసు ముందు విరుగుతుందో తెలియదు. ఓర్చుకున్నాను. 1875 ఏప్రిల్ 4న మెయిజీ చక్రవర్తికి ఉప్పు వేసిన చెర్రీ పువ్వు అద్ది సమర్పించిన అన్‌పాన్, అదే అంకో కూరిన బన్ను, ఇప్పుడు సూపర్ మార్కెట్లో కొంటే పైకప్పు కింద సగం గాలి. ఓర్చుకున్నాను. అజుకి వేసి వండిన, ఎర్రగా నోరూరించే సెకిహాన్ అన్నం తియ్యగా ఉంటుందనుకుంటే పైన నువ్వులూ ఉప్పూ. పైగా ఉడికితే చీలే అజుకి తొక్క సమురాయ్‌ యోధులకు కడుపు చీల్చుకుని చచ్చే తమ ఆచారాన్ని గుర్తుచేసిందట, దాని బదులు మన అలసందల జాతి గింజ వేయించుకున్నారట! అదీ ఓర్చుకున్నాను. అంకోలో గింజ కనబడే త్సుబుఅన్ గొప్పదా, మెత్తటి కోషిఅన్ గొప్పదా అని ఆఫీసులో లంచ్ టైమంతా కొట్టుకుంటారు, నేను నోరెత్తను. కస్టర్డ్ నింపిన చేప జోలికి అసలు పోను, అది వేరే మతం.

నీ సంగతే నాకు మింగుడుపడటం లేదు.

అవును, ఇక గార్లూ తమర్లూ లేవు. ఆ అంకో ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా నీకు? జపాన్‌లో పండే అజుకిలో ఎక్కువ భాగం ఉత్తరాన ఉన్న హొక్కాయిదో దీవిది, అందులోనూ తొకాచి మైదానానిది. మంచు భయం తీరాక మే చివర్లో విత్తాలి, మళ్లీ మంచు పడేలోపు కోసుకోవాలి. ఒకసారి వేసిన పొలంలో వెంటనే మళ్లీ వేయకూడదు, కొన్నేళ్లు ఆగాలి. గింజ ఇంటికొచ్చాక ఒక పొంగు రానిచ్చి వగరు నీళ్లు పారబోయాలి. మళ్లీ కొత్త నీళ్లు పోసి, రెండు వేళ్ల మధ్య నొక్కితే చితికేదాకా సన్న సెగ మీద ఉడికించాలి. తొందరపడి పంచదార ముందే వేశావో, గింజ బిగుసుకుపోతుంది, ఇక ఎంత ఉడికించినా మెత్తబడదు. ఆఖర్న చిటికెడు ఉప్పు పడాలి, లేకపోతే తీపి నిలబడదు. కోషిఅన్ అయితే ఇంకా జల్లెడ పట్టి, కడిగి, గుడ్డలో వేసి పిండాలి. ఇంత చాకిరీ చేసినవాళ్లకి ఇంకో అర చెంచా ముద్ద నీ మొహాన కొట్టడానికి చెయ్యి రాలేదా?

పైగా నువ్వు 'సహజ' చేపవట! వరసగా అచ్చులున్న పెనం మీద కాలిస్తే పెంపుడు చేప, పొడుగు పిడి ఉన్న ఒక్కో అచ్చులో కాలిస్తే సముద్రంలో పట్టినది. పిండి చేపల్లోనూ ఈ తేడాలు. దానికో ఎక్కువ రేటు. ఇచ్చాను. పైన పటారం, లోన లొటారం.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. పొట్టలో అంకో బ్రహ్మాండంగా ఉంది. గింజ గింజగా ఉండి నాలుక మీద పడగానే విడిపోయింది, తీపి ఎక్కడా మితిమీరలేదు. అదే నా కడుపుమంట. అంకో బాగోలేకపోతే ఆ దుకాణం వైపు మళ్లీ చూసేవాణ్ణే కాదు, నీకీ ఉత్తరం రాసేవాణ్ణే కాదు. ఇప్పుడేమో వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లాలి.

వెళ్తాను. డబ్బిచ్చి, కౌంటర్ ముందు నుంచి కదలకుండా, నా వెనక ఎంతమంది ఉన్నా సరే, ముందు నిన్నే కొరుకుతాను.

ఇట్లు,
తల పార్టీకి రాజీనామా చేసి తోక పార్టీలో చేరిన
ఒక టోక్యో తెలుగువాడు