వ్యాన్ వెంట వస్తే అది సైక్లింగ్ కాదట!

"వెనక ఒక వ్యాన్, ముందు ఒక వంట బండి, సాయంత్రానికి టెంట్లు వేసిపెట్టే మనుషులు. మీది సైక్లింగ్ కాదు బాబూ, పెళ్లి ఊరేగింపు." మా అరకు ట్రిప్ గురించి చెబుతుంటే విశాఖ బీచ్ రోడ్డులో ఒక సీనియర్ రైడర్ అన్న మాట ఇది. ఆయన బీఆర్‌ఎంలు, అంటే గడువులోగా ముగించాల్సిన దూరాభారం సైకిల్ రైడ్లు చేసిన మనిషి. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో, 600 అయితే 40 గంటల్లో పూర్తి చేయాలి. సొంత బండి, సొంత మనుషులు కంట్రోల్ పాయింట్ల (దారిలో హాజరు వేయించుకునే చోట్ల) దగ్గర తప్ప దారిలో సాయం చేయకూడదు. ఆ ఆటకు ఆ రూలు బాగానే ఉంటుంది. సామానంతా సైకిల్ మీదే కట్టుకుని ఒంటరిగా వెళ్లేవాళ్లంటే నాకూ గౌరవమే. కానీ డజను మంది కలిసి ఏజెన్సీ దారుల్లో రోజుల తరబడి తొక్కే ట్రిప్‌కి కూడా అదే రూలు తగిలిస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

ఈ మడి పిచ్చి కొత్తదేం కాదు. 1913 టూర్ డి ఫ్రాన్స్‌లో యూజెన్ క్రిస్తోఫ్ అనే ఆయనకు టూర్మలే కొండ దిగుతుంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ విరిగింది. సైకిల్ మోసుకుంటూ కిందున్న ఊరిదాకా నడిచి, కమ్మరి కొలిమిలో తన చేత్తో తనే అతుకు వేసుకున్నాడు. ఎవరి సాయమూ తీసుకోకూడదన్నది రూలు. అయినా పెనాల్టీ పడింది. ఎందుకంటే కొలిమి తిత్తి ఊదింది ఒక కుర్రాడట! ఇప్పుడు అదే పోటీలో ఒక్కో జట్టు వెనక కార్లు, మెకానిక్‌లు, వంటవాళ్లు. ఆ రేసుకు లేని నామోషీ మన అరకు ఘాట్ రోడ్డుకు ఎక్కణ్నుంచి వచ్చిందో!

ఆ రోజు సంగతి చెబుతాను. తెల్లవారుజామున ఎన్‌ఏడీ కొత్తరోడ్ దగ్గర బయల్దేరాం. వంట బండి మాకంటే ముందే వెళ్లిపోయింది. గోపాలపట్నం, వేపగుంట, పెందుర్తి, కొత్తవలస... అంతా లారీల గోలే. ఎల్.కోట దాటాక గానీ ఊపిరాడలేదు. ఎస్.కోట దగ్గర మామిడి తోట నీడలో వేడి ఉప్మా, ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్లు, మజ్జిగ రెడీగా ఉన్నాయి. గబగబా తిని, సీసాలు నింపుకుని, రెండు సెల్ఫీలు దిగి వెళ్లిపోయాం.

మేం వెళ్లాక అక్కడ ఏం జరుగుతుందో మాలో ఎంతమందికి తెలుసు? గిన్నెలు తోమాలి. స్టవ్, సిలిండర్ సర్దాలి. 20 లీటర్ల క్యాన్లు మళ్లీ నింపాలి. మన తీరం ఉక్కపోతలో గట్టిగా తొక్కితే గంటకు లీటరు దాకా చెమట పోతుంది. అలా పన్నెండు మందికి ఘాట్ ఎక్కేదాకా తాగడానికి ఎంత కావాలి, రాత్రి వంటకు ఎంత ఉంచాలి అనే లెక్క వంటాయన బుర్రలోనే ఉంటుంది. తర్వాత మమ్మల్ని ఘాట్‌లో దాటుకుని అరకు చేరాలి, స్థలం ఆసామితో మాట్లాడుకోవాలి, మంచు కురవకముందే టెంట్లు లేపాలి. మాకు సాయంత్రానికి అయిపోయే పని వాళ్లకు అప్పుడు సగమే అవుతుంది.

బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలైంది. టైడా దగ్గరికి వచ్చేసరికి మాలో వెనకపడ్డవాళ్ల స్పీడు గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు. వాళ్ల వెనకే సపోర్ట్ వ్యాన్, ఫస్ట్ గేర్‌లో, గంటల తరబడి. "మీ కాళ్లకి బామ్ ఉంది గానీ, నా క్లచ్ కాలు మాటేటి బాబూ?" అన్నాడు డ్రైవరన్న. నవ్వుతూనే అన్నాడు గానీ ఎడమ మోకాలు రుద్దుకుంటూ అన్నాడు.

డముకు దగ్గర ఒకాయనకు పిక్కలు పట్టేశాయి. ఓఆర్‌ఎస్ తాగించాం, కాళ్లు సాగదీయించాం, లాభం లేదు. వ్యాన్ ఎక్కమంటే ఎక్కడు! ఎక్కితే రైడ్ రికార్డు చేసే స్ట్రావా యాప్‌లో రైడ్ తెగిపోతుందట, పరువు పోతుందట. సైకిల్ నడిపించుకుంటూ నడక మొదలుపెట్టాడు. ఆయన్ని ఘాట్‌లో వదిలి వ్యాన్ ముందుకు పోలేదు. ఈలోగా పైన గాలికొండ దగ్గర మరొకరికి టైరు చీరింది. ట్యూబులు, టైర్లు, మెకానిక్ అన్నీ కింద వ్యాన్‌లో! శీతాకాలం పొద్దు, అయిదున్నరకే చీకటి, పైగా పొగమంచు. మలుపుల్లో ఎదురుగా దిగే టూరిస్టు బస్సులు. రోడ్డు వారన వణుకుతూ నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి చెబుతున్నా, ఒక్కడి పరువుకు పదిమంది ప్రాణాలు పణంగా పెట్టడాన్ని పట్టుదల అనరు. ఈ కొండల్లోంచే పోయే మన కేకే (కొత్తవలస-కిరండూల్) రైలు లైన్లో గూడ్స్ రైళ్లకు రెండేసి మూడేసి ఇంజన్లు తగిలిస్తారు. రైలుకు లేని సిగ్గు ఈయనకెందుకో!

ఎలాగో అరకు చేరాం. వేడి అన్నం, పప్పుచారు, దారిలో కొన్న బొంగు చికెన్. ఆ చలిలో అంతకన్నా ఏం కావాలి? ఒకాయన మాత్రం చారులో ఉప్పు తగ్గిందని వంటాయన్ని పిలిచి మరీ చెప్పాడు. ఘాట్‌లో మావాళ్లు చింపి పారేసిన ఎనర్జీ జెల్ ప్యాకెట్లు మెకానిక్ కుర్రాడు దారి పొడుగునా ఏరి గోనెసంచిలో వేసుకొచ్చాడు. అది ఎవరూ అడగలేదు. మర్నాడు పొద్దున్నే ఒక ఫొటో వచ్చింది: "నేనూ, నా సైకిలూ, ఈ కొండలూ." ఆ ఫొటో తీసింది కూడా ఆ కుర్రాడే!

ఇవన్నీ సరే, చికాకులు అనుకుని వదిలేద్దాం. నేను వదల్లేనిది డ్రైవరన్న నిద్ర. టెంట్లు రైడర్ల లెక్కకే తెచ్చారు. ఆయన రాత్రి పదకొండు దాటాక వ్యాన్ సీటు మీద కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. మూడున్నరకల్లా నీళ్ల కోసం లేపారు. ఆ మనిషే మర్నాడు ఒడిశా ఘాట్‌లలో మా వీపుల వెనక టన్నుల బరువున్న బండి నడపాలి. మేం హెల్మెట్లు, లైట్లు, రిఫ్లెక్టర్ జాకెట్లు అన్నీ చెక్ చేసుకుని బయల్దేరాం. డ్రైవర్ ఎన్ని గంటలు నిద్రపోయాడని అడిగినవాడు లేడు.

రెండో డ్రైవర్‌ని పెట్టమంటే తలా ఎంత పెరుగుతుందని గొణుగుడు. లక్ష రూపాయల సైకిల్ మీద కూర్చుని మనిషి నిద్ర దగ్గర వందల కోసం బేరమా? క్రూకి టెంట్ లేకపోతే రైడర్లను ఇద్దరు తగ్గించండి. ఒంట్లో బాగోలేనివాడు మెకానిక్ చెబితే వ్యాన్ ఎక్కాల్సిందేనని ముందే సంతకం పెట్టించుకోండి. రాత్రి గిన్నెలు తోమే పని రైడర్లం వంతులు వేసుకుందాం, చేతులేం అరిగిపోవు.

వచ్చే ట్రిప్ ప్లాన్ చేస్తున్నవాళ్లకు ఒక్క మాట. రూట్ మ్యాప్, జెర్సీ డిజైన్ తర్వాత పంపండి. డ్రైవర్లు ఎంతమంది, వాళ్లు ఎక్కడ పడుకుంటారు, రోజుకు ఎంత ఇస్తున్నారు, ఆ మూడూ ముందు పంపితే అప్పుడు నా అడ్వాన్స్ వేస్తాను.