ఇందులో ఏం వేశావమ్మా?

మూడేళ్ళ కిందట ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం వేసవి పిక్నిక్‌లో సలాడ్ గిన్నె దగ్గర వడ్డనకు నిలబడింది నేనే. కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చిన ఒక బామ్మగారు పళ్ళెం పట్టుకుని వచ్చి, "ఇందులో ఏం వేశావమ్మా?" అని అడిగారు. "అన్నీ ఆకులే బామ్మగారూ, మీరు తినొచ్చు" అన్నాను. ఆవిడ గుడ్డు కూడా ముట్టని మనిషి. తిన్నారు, ఆ తెల్లటిదేదో కమ్మగా ఉందని రెండోసారి వేయించుకున్నారు కూడా. కాసేపటికి అయిదో తరగతి పిల్లాడొకడు వచ్చాడు. వాడికి ఎలర్జీలున్నాయి, ఏ సీసా కనబడినా వెనక చదవడం వాడికి అలవాటు. "ఆంటీ, ఇందులో ఫిష్ ఉంది" అన్నాడు. అది సీజర్ డ్రెస్సింగ్, సలాడ్ ఆకుల్లో పోసి కలిపే చిక్కటి తెల్లటిది.

బామ్మగారు ఎవరినీ ఒక్క మాట అనలేదు. పళ్ళెం పక్కన పెట్టి, కుళాయి దగ్గరికి వెళ్ళి నోరు పుక్కిలించుకుని వచ్చి, సాయంత్రం దాకా చెట్టు కింద ఊరికే కూర్చున్నారు. నేను వెళ్ళి క్షమించమని అడిగితే, "నీకు మాత్రం ఏం తెలుస్తుందమ్మా, కొన్నదే కదా" అన్నారు. నన్ను ఓదార్చడానికే అన్నారు. కానీ నాకు గుచ్చుకున్నది ఆ మాటే. చేత్తో వడ్డిస్తున్న దానిలో ఏముందో నాకు తెలియదు. తెలియకుండానే తినొచ్చని చెప్పాను.

తలొక వంట తెచ్చి పెట్టే మన పాట్‌లక్ బల్ల ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పులిహోర ఎవరు కలిపారో అందరికీ తెలుసు. గుత్తి వంకాయ ఎవరి చేతిదో వాసన చూసి చెప్పేస్తాం. గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ వేశారా లేదా అని అడిగితే చేసినావిడ అక్కడే ఉండి చెప్తుంది. చివర్లో ఉండే సలాడ్ మాత్రం ఎవరి వంటా కాదు. కోసి సంచిలో అమ్మే ఆకులు రెండు పాకెట్లు, పక్కన ఒక సీసా. ఎవరికి వంట కుదరకపోతే వాళ్ళకి సలాడ్ రాసేస్తాం. నేను చెప్పదలచుకున్నది ఇదీ: సలాడ్‌లో వంటంతా డ్రెస్సింగే. దాన్ని కూడా ఎవరో ఒకరు ఇంట్లో చేసి తేవాలి. ఏం వేశావమ్మా అని పెద్దవాళ్ళు అడిగితే జవాబు చెప్పగలగాలి.

ఆకులు కాబట్టి శాకాహారమే అనుకోవడం దగ్గరే మనం మోసపోతున్నాం. సీజర్‌లో ఆంకోవీ అనే చిన్న ఉప్పుచేప ఉంటుంది. గ్రీన్ గాడెస్ అని పచ్చగా, పూర్తిగా ఆకులతోనే చేసినట్టు కనిపించే డ్రెస్సింగ్ ఒకటుంది. శాన్ ఫ్రాన్సిస్కోలోని పేలెస్ హోటల్లో 1920లలో పుట్టింది. దాని అసలు పద్ధతిలోనూ ఆంకోవీ ఉంది. రాంచ్, బ్లూ చీజ్ లాంటి తెల్లటి డ్రెస్సింగ్‌లకు సాధారణంగా మేయొనైజ్ ఆధారం. మేయొనైజ్ అన్న పేరుతో అమ్మాలంటే బరువులో కనీసం 65 శాతం వంటనూనె, దానితో పాటు గుడ్డు సొన ఉండాలని ఇక్కడి ప్రభుత్వ నిబంధన. చేప, గుడ్డు ఎలర్జీ పదార్థాలు కాబట్టి ఆ పేర్లు సీసా మీద ఉండి తీరాలి. కళ్ళజోడు పెట్టుకుంటే చదవొచ్చు.

చదివినా తెలియనిది చీజ్ సంగతి. మన నిఘంటువులు చీజ్‌ని జున్ను అంటాయి గానీ, మనకి జున్ను అంటే ఈనిన గేదె పాలతో బెల్లం, మిరియాలు వేసి చేసుకునేది. ఈ చీజ్ వేరు. నిమ్మరసంతో పాలు విరగ్గొట్టి పనీర్ చేస్తాం చూడండి, అలా కాకుండా చాలా చీజ్‌లకు పాలు గట్టిపడేలా చేసే రెనెట్ అనే పదార్థం వాడతారు. సంప్రదాయంగా అది పాలు తాగే దూడ పొట్టలోంచి తీసేది. ఇటలీ నుంచి వచ్చే అసలైన పార్మిజానో రెజ్జానో చీజ్‌కి ఈనాటికీ దూడ రెనెట్టే వాడాలని నియమం. అమెరికాలో చేసే చీజ్‌లలో మాత్రం ఇప్పుడు చాలావాటికి సూక్ష్మజీవులతో తయారుచేసిన ఎంజైమే వాడుతున్నారు. అలాంటిది వాడుకోవచ్చని 1990లోనే ఇక్కడి ఆహార, ఔషధాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. అయితే ఏది వాడినా పాకెట్ మీద ఒట్టి "ఎంజైమ్స్" అని రాస్తే చాలు. డ్రెస్సింగ్ సీసాలోకి వెళ్ళిన చీజ్ ఏ రకానిదో మనకెలా తెలుస్తుంది? మనమే చేసుకుంటే "మైక్రోబియల్ రెనెట్" అనో "వెజిటేరియన్" అనో రాసి ఉన్న చీజ్ ఏరుకోవచ్చు. ఫెటా అనే ఉప్పటి చీజ్‌లో అలాంటివి తేలిగ్గా దొరుకుతాయి.

సీసా డ్రెస్సింగే అమెరికా పద్ధతి, ఇంట్లో చేయడం మన చాదస్తం అని కొందరంటారు. రాంచ్ ఎలా పుట్టిందో తెలిస్తే అలా అనరు. స్టీవ్ హెన్సన్ అనే ఆయన అలాస్కాలో ప్లంబింగ్ కాంట్రాక్టరు. తన పనివాళ్ళకి తనే వండిపెడుతూ, మజ్జిగ, మేయొనైజ్, ఎండు ఆకులు కలిపి ఈ డ్రెస్సింగ్ తయారుచేశాడు. 1954లో ఆయనా, ఆయన భార్య గేల్ కాలిఫోర్నియాలో శాంటా బార్బరా దగ్గర కొండల్లో ఒక రాంచ్, అంటే పెద్ద పశువుల క్షేత్రం లాంటిది, కొని, దానికి హిడెన్ వ్యాలీ అని పేరు పెట్టారు. అక్కడ భోంచేసిన అతిథులు డ్రెస్సింగ్‌ని సీసాల్లో ఇంటికి పట్టుకెళ్ళేవారు. తర్వాత పొడి పాకెట్లు పోస్టులో పంపడం మొదలైంది. ఆ పొడిని ఎవరింట్లో వాళ్ళు మజ్జిగలో, మేయొనైజ్‌లో కలుపుకోవాల్సిందే. 1972లో క్లోరాక్స్ కంపెనీ ఆ పేరుని 80 లక్షల డాలర్లకు కొనుక్కుంది. బయట అరలో పెట్టినా చెడిపోని సీసా వచ్చింది 1983లో. అంటే ఈ సీసా మనలో చాలామందికన్నా చిన్నది. అంతకుముందు దాకా ఈ దేశంలో ఇల్లాళ్ళు రాంచ్‌ని గిన్నెలో పోసి కలిపినవాళ్ళే.

నాకు నేర్పింది అలా కలిపిన ఒకావిడే. మా పక్కింట్లో ఒక్కతే ఉండే పెద్దావిడ. పిక్నిక్ సంగతి చెప్పుకుని బాధపడితే, మర్నాడు నన్ను తన వంటింట్లో నిలబెట్టి చేయించింది. ఆవిడది మేయొనైజ్, సోర్ క్రీమ్ (పులిసిన మీగడ) వేసే పద్ధతి. గుడ్డు లేకుండా నేను పెరుగుతో మార్చుకున్నాను. రుచి చూసి ఆవిడ కూడా ఒప్పుకుంది.

ఒక లీటరు పెరుగు తీసుకోండి. మీగడ తీయని పాలతో, ముందు రాత్రి తోడుపెట్టి, పుల్లబడకముందే ఫ్రిజ్‌లో పెట్టినది. పల్చటి నూలుగుడ్డలో మూటగట్టి మూడు గంటలు ఫ్రిజ్‌లోనే గిన్నె మీద వేలాడదీయండి. ఈ పని మానేయొద్దు. నీరు వదిలే పెరుగు వేస్తే పది నిమిషాల్లో ఆ నీళ్ళన్నీ గిన్నె అడుక్కి చేరి ఆకులు వాడిపోతాయి. గట్టిపడ్డ పెరుగుని గిన్నెలోకి తీసి, చెంచాతోనో కవ్వంతోనో మెల్లగా నునుపు చేయండి. మిక్సీలో వేయకండి. ఆ తిప్పుడుకి పెరుగు కట్టు విరిగి నీళ్ళలా జారిపోతుంది, ఎంత సేపు ఫ్రిజ్‌లో ఉంచినా మళ్ళీ గట్టిపడదు. నేను మొదటిసారి అలాగే పాడుచేశాను.

ఈలోపు ఒక వెల్లుల్లి రెబ్బ ఉప్పురాయితో మెత్తగా నూరి, వెంటనే రెండు చెంచాల నిమ్మరసంలో వేసి పది నిమిషాలు ఉంచండి. దంచిన వెల్లుల్లి ఊరికే ఉంచితే ఘాటు పెరుగుతూ పోతుంది. పులుపు తగిలితే ఆ ఘాటు అక్కడే ఆగుతుంది. పచ్చి వెల్లుల్లి నచ్చనివాళ్ళు కూడా ఇలా చేస్తే తింటారు.

ఫెటా 120 గ్రాములు. సగం వేళ్ళతో బాగా నలిపి పెరుగులో కలిసిపోయేలా చేయండి, మిగతా సగం పలుకులుగా చివర్లో వేయండి. నాలుక మీద అక్కడక్కడ ఉప్పగా తగిలే ఆ పలుకులే దీని అందం. ఫెటా ఉప్పునీళ్ళలో ఊరిన చీజ్ కాబట్టి వేరే ఉప్పు చివరిదాకా వేయొద్దు, చాలాసార్లు అక్కర్లేదు కూడా. మూడు చెంచాల ఆలివ్ నూనె, అప్పుడే దంచిన మిరియాలు. తర్వాత మజ్జిగ కొంచెం కొంచెంగా పోస్తూ, దోసెపిండి కన్నా కాస్త పల్చగా అయ్యేదాకా కలపాలి. ఇక్కడ అంగట్లో బటర్‌మిల్క్ అని దొరికేది వెన్న చిలికిన చల్ల కాదు. వెన్న తక్కువున్న పాలని తోడుపెట్టి చేసేది, అందుకే అంత చిక్కగా ఉంటుంది. ఇంట్లో చల్ల ఉంటే అదే మంచిది.

ఇక ఆకులు. డిల్, కొత్తిమీరలా కనిపించే పార్స్‌లీ, చైవ్స్. చైవ్స్ అంటే మన ఉల్లికాడల కన్నా సన్నగా గడ్డిపోచల్లా ఉండే ఉల్లి జాతి మొక్క. డిల్ కొత్తదేమీ కాదు, తెలంగాణలో సోయకూర అంటారు. మా అత్తగారిది నిజామాబాద్, ఆవిడ దాన్ని పెసరపప్పులో వేస్తారు. మొదటిసారి ఈ డ్రెస్సింగ్ రుచి చూపిస్తే మూత తీయగానే "సోయకూరనా?" అన్నారు. మూడూ కలిపి ఒక కప్పు వచ్చేలా, కడిగి, గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టి, పదునైన కత్తితో సన్నగా తరగాలి. మొద్దు కత్తితో నలిపితే నల్లబడతాయి. కలిపాక కనీసం గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి, అప్పుడే ఆకుల వాసన పెరుగుకి పడుతుంది. మూడు రోజులు బాగుంటుంది. సలాడ్ ఆకులు కూడా తడి లేకుండా ఆరాలి. తడి ఆకుల మీద ఏ డ్రెస్సింగూ నిలవదు.

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఇది చూసి, "ఇది పెరుగు పచ్చడే కదే, తాలింపు మరిచిపోయావు" అంది. ఆవిడ మాట కాదనలేక ఒకసారి ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ పెట్టాను. ఇంగువ ముందు డిల్ ఎక్కడ నిలుస్తుంది? చీజ్ పలుకులు వేడినూనెకి మెత్తబడి జావలో కలిసిపోయాయి. తాలింపు పెట్టిన పెరుగు పచ్చడి నాకు ప్రాణం, దోసకాయతో చేస్తే గిన్నె ఖాళీ చేస్తాను. కానీ అది అదే, ఇది ఇదే. పొరుగువాళ్ళ వంటకి పోపు పెట్టి మనది చేసేసుకునే ముందు, వాళ్ళు చేసినట్టు ఒక్కసారైనా శ్రద్ధగా చేసి చూడాలి. మన పులిహోరలో చీజ్ తురిమితే మనకెలా ఉంటుంది?

టైమ్ ఎక్కడిదని అడిగేవాళ్ళున్నారు. పెరుగు వేలాడే మూడు గంటలూ మనం నిలబడక్కర్లేదు. చేతిపని ఇరవై నిమిషాలు. ఆదివారం పులిహోరకి చింతపండు గుజ్జు తీసే శ్రమ కన్నా తక్కువే. ఖర్చు సీసా కన్నా కొంచెం ఎక్కువే అవుతుంది, ఫెటా వల్ల. పిల్లలకి సీసా రుచే కావాలన్నది మాత్రం నిజమైన అడ్డంకి. మా చిన్నవాడు మొదటి రెండుసార్లు పక్కకి నెట్టేశాడు. ఆకులు తరిగే పని వాడికే అప్పగించాక తినడం మొదలుపెట్టాడు. వారం మధ్యలో ఎవరైనా సీసా వాడుకుంటే నేను తప్పుపట్టను, నా ఫ్రిజ్‌లోనూ ఉంటుంది. మన ఇంట్లో మన నోటికి అది సరే. ఊరందరికీ, వాళ్ళ తల్లిదండ్రులకీ పెట్టే బల్ల మీద మాత్రం వద్దు.

వచ్చే పిక్నిక్ విషయంలో భోజనాల కమిటీ వాళ్ళకి నా విన్నపం. సలాడ్ పని నాకు రాయండి. వంద మందికి నాలుగు లీటర్ల పెరుగు చాలు. వెల్లుల్లి, చైవ్స్ లేని గిన్నె ఒకటి విడిగా చేస్తాను, ఉల్లి తిననివాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. గిన్నెలు ఐసు పళ్ళెంలో పెట్టాలి. పెరుగుతో చేసినవి బయట రెండు గంటలు, 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఎండలో అయితే ఒక్క గంట, అంతకు మించి ఉంచకూడదు. అందుకని సగం ఐసు పెట్టెలో ఉంచి మధ్యలో మారుద్దాం. గిన్నె ముందు ఒక అట్టముక్క మీద వేసినవన్నీ పెద్ద తెలుగు అక్షరాలతో రాసి పెడతాను, చీజ్ ఏ రెనెట్‌దో కూడా. నేను వడ్డనలోనే ఉంటాను. ముందు రోజు మధ్యాహ్నం మా ఇంట్లో పెరుగు మూటలు కట్టాలి. నాలుగు మూటలకి ఒక్కదాన్ని చాలను, ఎవరైనా ఇద్దరు వస్తే బాగుంటుంది. నూలుగుడ్డలు నా దగ్గర రెండే ఉన్నాయి, వచ్చేవాళ్ళు తలొకటి తెచ్చుకోండి.