కడలి పక్కన ఇల్లు, కొండెక్కిన ప్రీమియం

అమెరికాలో ముప్పై ఏళ్లకు ఫిక్స్‌డ్ వడ్డీ మీద హోమ్‌లోన్ తీసుకుంటే నెలవారీ వాయిదా మారదని అనుకుంటాం. ఫ్లోరిడాలో టాంపా, జాక్సన్‌విల్ లాంటి చోట్ల ఇల్లు కొన్నవాళ్లకు, వాళ్లలో మన తెలుగువాళ్లకూ, అది నిజం కాదని తెలిసొచ్చింది. వడ్డీ పైసా పెరగదు, వాయిదా మాత్రం పెరుగుతుంది. ఇంటి పన్నుతోపాటు బీమా ప్రీమియాన్నీ చాలామంది దగ్గర ఆ వాయిదాలోనే కలిపి వసూలు చేస్తారు మరి. పోనీ పాలసీ మానేద్దామంటే, అప్పు ఉన్నంతకాలం బ్యాంకు ఒప్పుకోదు. అప్పు తీరినవాళ్లలో కొందరు దేవుడి మీద భారం వేసి పాలసీ వదిలేస్తున్నారు.

అక్కడి బీమాలో ఒక చిత్రం ఉంది. మామూలు ఇంటి పాలసీలో వరద ఉండదు. గాలికి కప్పు ఎగిరిపోతే ఒక పాలసీ, నీళ్లు లోపలికొస్తే ఇంకో పాలసీ. తుపానులో గాలీ నీళ్లూ విడివిడిగా, చెప్పి రావు కదా! 2005లో కత్రినా హరికేన్ తర్వాత పునాది తప్ప ఏమీ మిగలని ఇళ్ల విషయంలో, గోడను పడగొట్టింది గాలా, నీళ్లా అని కోర్టుల్లో ఏళ్ల తరబడి వాదించుకున్నారు.

ప్రైవేటు కంపెనీలు వరద జోలికి రాకపోవడంతో 1968లో అమెరికా ప్రభుత్వమే ఆ బీమా మొదలుపెట్టింది. ఇంటికి గరిష్ఠంగా రెండున్నర లక్షల డాలర్లు ఇస్తుంది. చాలా ఇళ్లకు అసలు ముప్పు కంటే తక్కువ ప్రీమియమే తీసుకుంటూ వచ్చింది. మునిగిన ఇల్లే మళ్లీ మునిగేది, క్లెయిం సొమ్ముతో అక్కడే మళ్లీ లేచేది. పెద్ద తుపానులు వచ్చేసరికి పథకం అప్పుల్లో కూరుకుపోయింది. 2017లో 1,600 కోట్ల డాలర్ల బాకీ రద్దు చేశాక కూడా మరో 2,000 కోట్లకు పైగా మిగిలింది. 2021 అక్టోబరు నుంచి లెక్క మార్చారు. నీటికి ఇల్లు ఎంత దూరం, ఎంత ఎత్తు, మళ్లీ కట్టాలంటే ఎంతవుతుంది అని ఇంటింటికీ చూస్తున్నారు. సొంతంగా కాపురముండే ఇళ్లలో చాలావాటికి ఏడాదికి 18 శాతానికి మించి పెంచకూడదని చట్టం ఉంది గనుక ఆ భారం ఏటేటా మెట్లు మెట్లుగా పడుతోంది.

ఇక గాలి పాలసీ సంగతి. 1992లో ఆండ్రూ హరికేన్ దెబ్బకు ఫ్లోరిడాలో పలు కంపెనీలు దివాలా తీశాయి. ఎవరూ పాలసీ ఇవ్వనివాళ్ల కోసం 2002లో రాష్ట్రమే సిటిజన్స్ అనే సంస్థ పెట్టింది. చివరి దిక్కుగా పెట్టిన ఆ సంస్థ దగ్గరే 2023లో పాలసీలు 14 లక్షలు దాటాయి. 2022లో ఇయాన్, 2024లో రెండు వారాల తేడాతో హెలీన్, మిల్టన్ హరికేన్లు విరుచుకుపడ్డాయి. బీమా కంపెనీలు కూడా తమ నష్టానికి వేరేచోట బీమా కొనుక్కోవాలి. ఆ ఖర్చు, దావాల ఖర్చు, పెరిగిన సిమెంటు, కూలీ ధరలు అన్నీ చివరికి ఇంటాయన బిల్లులోనే తేలతాయి. పెరుగుదలను అన్యాయం అనడానికి మాకు నోరు రావడం లేదు. తీరం ఖరీదెంతో యాభై ఏళ్లు దాచి, ఇప్పుడు ఒక్కసారి చెబుతున్నారు. తప్పు దాచడంలో ఉంది.

మన తీరానికి వస్తే ప్రీమియం టెన్షన్ ఎవరికీ లేదు. పాలసీలు ఉంటే కదా! ఇంటికి బీమా అంటే హోమ్‌లోన్‌తో పాటు సంతకం పెట్టిన ఒక కాగితం, అంతే. నిజానికి 2021 ఏప్రిల్ నుంచి కంపెనీలన్నీ అమ్మాల్సిన భారత్ గృహ రక్ష పాలసీ ఈ విషయంలో అమెరికా కంటే నయం. తుపాను గాలి, వరద రెండూ ఒకే పాలసీలో ఉన్నాయి. కానీ మినహాయింపుల దగ్గర ఒక చిన్న మాట ఉంది. నేల కుంగుబాటుకు పరిహారం ఇస్తాం, తీరం కోత, నది కోత వల్ల జరిగితే ఇవ్వం. ఉప్పాడలో ఇళ్లు, గుడులు, రోడ్డు ఏళ్లుగా పోతున్నది సరిగ్గా ఆ కోతకే. వాయుగుండం రోజున కెరటాలు కొట్టి కూల్చిన గోడకు, నష్టం లెక్కగట్టే బీమా సర్వేయర్ ఏమని రాస్తాడు? ముంపా, కోతా? కత్రినా వాళ్ల గొడవ మన గడపలోకి వచ్చినట్టే.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ప్రభుత్వం ఇచ్చింది. మెచ్చుకోవలసిందే. అయితే జాబితాలో పేరుంటేనే వచ్చే సొమ్ము అది, ఖజానా బాగుంటేనే ఇవ్వగలిగేది. నాగాలాండ్ లాంటి చిన్న రాష్ట్రం విపత్తులకు ముందుగానే బీమా కొనుక్కుంది. వాన నిర్ణీత హద్దు దాటితే సర్వేయర్ రాకుండానే డబ్బు రాష్ట్రానికి చేరే పద్ధతి అది. దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరమున్న ఆంధ్రప్రదేశ్ మత్స్యకార పల్లెలకు అలాంటిది ఎందుకు కొనకూడదు?

ఇక్కడ ఒక తేడా పాటించాలి. వేటకు వెళ్లేవాడు ఒడ్డున ఉండక తప్పదు, అతని ప్రీమియం సర్కారు కట్టాలి. భీమిలి రోడ్డులో సముద్రం కనిపించే ఫ్లాట్ కొనేవాళ్లకు ఆ అవసరం లేదు, అసలు ధర వాళ్లే కట్టుకోవాలి. 2019 తీర నిబంధనలు జనసాంద్రత ఎక్కువున్న పల్లెల్లో కట్టడాలు కూడని హద్దును 200 మీటర్ల నుంచి 50కి తగ్గించాయి. ఆ నూటయాభై మీటర్లలో లేచే గోడలకు రేపు ఎవరు పూచీ? ఫ్లోరిడాలో 2024 అక్టోబరు నుంచి ఇల్లు అమ్మేవాడు వరద క్లెయిం ఎప్పుడైనా పెట్టాడో లేదో కొనేవాడికి రాసివ్వాలి. మన రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ ఒక్క గడి చేరిస్తే పోయేదేమీ లేదు.

2025 సెప్టెంబరులో వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలపై జీఎస్టీ తీసేశారు. ఇంటి బీమాపై మాత్రం 18 శాతం అలాగే ఉంది. దాన్ని కౌన్సిల్ ముందుకు తీసుకెళ్లడం తీర రాష్ట్రంగా మన పని. ముంపా, కోతా అన్న సందేహాన్ని బీమా నియంత్రణ సంస్థ వచ్చే తుపానుల సీజన్ లోపే తేల్చాలి, ఉప్పాడలో మరో వరుస ఇళ్లు పోకముందే.